కారు స్టీరియోలో సౌండ్ తేడా వస్తోందా? యాంప్ మార్చే ముందు వైరింగ్ ఇలా చెక్ చేసుకోండి

సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు ఇంజన్ చూస్తాం, టైర్లు చూస్తాం, ఇన్సూరెన్స్ తేదీ చూస్తాం. మునుపటి ఓనరు పెట్టించిన యాంప్లిఫయర్, డిక్కీలోని వూఫర్ మాత్రం ఎవరూ తెరిచి చూడరు. 'సౌండ్ సిస్టమ్ కూడా వచ్చింది' అని సంతోషపడి తెచ్చుకుంటాం. కొన్ని నెలలకు ఒక వైపు స్పీకర్ మూగబోతుంది. లేదా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా 'కుయ్'మని శబ్దం వస్తుంది. తిలావత్ పెట్టినా, పాత పాటలు పెట్టినా వెనక అదే గోల. దుకాణానికి తీసుకెళ్తే చాలాసార్లు ముందు వినపడే మాట 'యాంప్ పోయింది, కొత్తది వేద్దాం' అని.

నిజానికి యాంప్ కన్నా ముందు పాడయ్యేవి వేరే ఉన్నాయి. అవి వైరు, ఎర్త్, ఫ్యూజు. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి స్పీకర్ దాకా వరుసగా చూస్తూ పోతే తప్పు ఎక్కడుందో ఎక్కువసార్లు ఇంటి ముందే దొరుకుతుంది. ఇది డబ్బు ఆదా చేసే విషయం ఒక్కటే కాదు. తప్పుగా వేసిన లావు వైరు, దానికి లేని ఫ్యూజు కారును తగలబెట్టగలవు. వెనక సీట్లో పిల్లలు, పెద్దవాళ్లు కూర్చునే బండి కాబట్టి ఈ చెకింగ్ ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

కరెంటు దారి, సౌండు దారి

సిస్టమ్‌లో రెండు దారులుంటాయి. మొదటిది కరెంటు దారి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు ఫ్యూజు దాటి యాంప్‌కు వస్తుంది. యాంప్ నుంచి ఇంకో లావు వైరు కారు బాడీకి బిగుసుకుని ఉంటుంది. దీన్నే ఎర్త్ అంటారు. కారు బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది కాబట్టి కరెంటు తిరిగి వెళ్లే దారి అదే.

రెండోది సౌండు దారి. స్టీరియో నుంచి ఆర్‌సీఏ కేబుల్ ద్వారా సన్నని సిగ్నల్ యాంప్‌కు వస్తుంది. యాంప్ దాన్ని పెంచి స్పీకర్ వైర్ల ద్వారా స్పీకర్లకు పంపుతుంది. ఈ రెండు దారులతో పాటు ఒక సన్నటి రిమోట్ వైరు ఉంటుంది. స్టీరియో ఆన్ చేస్తే యాంప్‌ను లేపేది, ఆఫ్ చేస్తే పడుకోబెట్టేది ఇదే.

యాంప్ మీద మూడు స్క్రూలకు బీ-ప్లస్, జీఎన్‌డీ, ఆర్ఈఎమ్ అని రాసి ఉంటుంది. వరుసగా ప్లస్, ఎర్త్, రిమోట్ అన్నమాట.

చేతిలో ఏం ఉండాలి, ఏది ముట్టుకోకూడదు

కొన్ని వందల రూపాయల్లో దొరికే డిజిటల్ మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు, ఒక పెన్సిల్ సెల్, టేపు ఉంటే చాలు.

వైర్లు ఊడదీసే పని ఉంటే ముందు బ్యాటరీ మైనస్ తీయండి. మళ్లీ కలిపేటప్పుడు మైనస్ ఆఖర్న పెట్టండి. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు వస్తాయి.

పసుపు రంగు కవర్‌తో, పసుపు కనెక్టర్లతో ఉండే ఎయిర్‌బ్యాగ్ వైర్లకు మీటరు పెట్టకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు లావు కేబుళ్లు హై వోల్టేజ్‌వి. వాటి జోలికి అస్సలు పోవద్దు.

స్టీరియో ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పిన్నులు పీకడం, పెట్టడం చేయకండి. కొన్ని స్టీరియోల లోపల ఉండే చిన్న ఫ్యూజు ఆ ఒక్క పనికే కాలిపోతుంది. ఆ తర్వాత ఎప్పటికీ గోల వస్తూనే ఉంటుంది.

ఏ రంగు ఏ వైరు

బయట కొనే స్టీరియోల వైరింగ్‌లో రంగులు చాలావరకు ఇలా ఉంటాయి:

పసుపు: బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు.
ఎరుపు: తాళం తిప్పితే వచ్చే కరెంటు.
నలుపు: ఎర్త్.
నీలం మీద తెల్ల చార: యాంప్‌కు వెళ్లే రిమోట్.
తెలుపు జత: ముందు ఎడమ స్పీకర్.
బూడిద జత: ముందు కుడి స్పీకర్.
ఆకుపచ్చ జత: వెనక ఎడమ స్పీకర్.
ఊదా జత: వెనక కుడి స్పీకర్.

జతలో నల్ల చార ఉన్న వైరు మైనస్. బండి ఆపి తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, సెట్టింగులు చెరిగిపోతున్నాయంటే పసుపు, ఎరుపు తారుమారయ్యాయేమో చూడాలి. కారు కంపెనీ వేసిన వైర్ల రంగులు మాత్రం వేరుగా ఉంటాయి. వాటిని కత్తిరించకుండా ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ కొని కలిపితే వారంటీ గొడవ రాదు, రేపు బండి అమ్మేటప్పుడు పాతది మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. స్పీకర్ మైనస్ వేరు, కారు ఎర్త్ వేరు. వైరు మిగుల్చుదామని స్పీకర్ మైనస్‌ను బాడీకి కలిపితే స్టీరియో లేదా యాంప్ లోపలి ఐసీ కాలిపోతుంది.

యాంప్ అసలు ఆన్ కాకపోతే

స్టీరియో ఆన్ చేసి మల్టీమీటర్‌ను డీసీ వోల్టేజ్ మీద పెట్టండి. నల్ల పిన్ను జీఎన్‌డీ మీద, ఎర్ర పిన్ను బీ-ప్లస్ మీద ఆనించండి. ఇంజన్ ఆపి ఉంటే దాదాపు 12.6 వోల్టులు, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపించాలి.

సున్నా చూపిస్తే నల్ల పిన్ను తీసి రంగు లేని బాడీ బోల్టు మీద పెట్టండి. ఇప్పుడు 12 వచ్చిందంటే ప్లస్ బాగుంది, ఎర్త్ తెగింది. అప్పటికీ సున్నా అయితే బ్యాటరీ దగ్గరి ఫ్యూజు చూడండి.

12 బాగానే ఉంటే ఎర్ర పిన్ను ఆర్ఈఎమ్ మీద పెట్టండి. అక్కడ కూడా దాదాపు 12 రావాలి. రాకపోతే రిమోట్ వైరు ఊడింది లేదా తెగింది. యాంప్‌కు ఏమీ కాలేదు. మూడూ సరిగ్గా ఉండి, యాంప్ మీది ఫ్యూజు కూడా బాగుండి, అయినా లైటు వెలగకపోతే అప్పుడే యాంప్‌ను అనుమానించాలి.

ఒక చిక్కుంది. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులు చూపిస్తుంది. ఖాతాలో కనిపించే డబ్బు వేరు, అడిగినప్పుడు చేతికొచ్చే డబ్బు వేరు కదా, ఇదీ అంతే. అందుకే కొలత పాట గట్టిగా మోగుతున్నప్పుడు తీసుకోవాలి. మీటరు ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, రెండోది యాంప్ జీఎన్‌డీ మీద పెట్టండి. పిన్ను అందకపోతే మధ్యలో ఒక పొడవాటి వైరు ముక్క వాడుకోవచ్చు. 0.1, 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. 0.5 దాటితే ఎక్కడో లూజు ఉంది. ఇదే పరీక్ష బ్యాటరీ ప్లస్‌కు, బీ-ప్లస్‌కు మధ్య కూడా చేయండి.

నారాయణగూడ చౌరస్తాలో, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడే సౌండ్ తెగుతోంది, బండి కదిలితే బాగుంటోంది అంటే కారణం ఇదే కావొచ్చు. ఇంజన్ ఐడిల్‌లో ఉంటే ఆల్టర్నేటర్ తక్కువ కరెంటు ఇస్తుంది. ఏసీ, హెడ్‌లైట్లు వేస్తే వోల్టేజ్ ఇంకా పడుతుంది. ఎర్త్ కూడా లూజుగా ఉంటే యాంప్ ఆగిపోతుంది.

ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంటే

చాలా యాంపులకు ప్రొటెక్ట్ అని ఎర్ర లైటు ఉంటుంది. ఏదో తేడా ఉందని గమనించి యాంప్ తనను తాను ఆపుకుంటోందని అర్థం. అది వెలిగిందంటే యాంప్ పోయినట్టే అనుకోనక్కర్లేదు.

స్టీరియో ఆఫ్ చేసి స్పీకర్ వైర్లన్నీ యాంప్ నుంచి తీసేయండి. మళ్లీ ఆన్ చేయండి. ఎర్ర లైటు పోయిందంటే తప్పు స్పీకర్ వైపు ఉంది. ఆఫ్ చేసి ఒక్కో జత కలుపుతూ, ప్రతిసారీ ఆన్ చేసి చూడండి. ఏ జతతో లైటు మళ్లీ వెలిగిందో ఆ వైరు ఎక్కడో నలిగింది లేదా ఆ స్పీకర్ కాయిల్ షార్ట్ అయింది. స్పీకర్లు, ఆర్‌సీఏ అన్నీ తీసినా లైటు పోకపోతే తప్పు యాంప్ లోపల ఉన్నట్టు.

స్పీకర్‌ను విడిగా చూడాలంటే మీటరును ఓమ్స్ మీద పెట్టి రెండు టెర్మినళ్లకు ఆనించండి. 4 ఓమ్స్ స్పీకర్ అయితే 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే షార్ట్. మీటరు ఏమీ అందుకోకపోతే కాయిల్ తెగింది. యాంప్ నుంచి, స్టీరియో నుంచి విడదీసిన స్పీకర్ వైరుకు, కారు బాడీకి మధ్య బీప్ మోడ్‌లో కూడా చూడండి. బీప్ రాకూడదు. వస్తే ఇన్సులేషన్ పోయి వైరు రేకుకు తగులుతోంది. డోరు మడత దగ్గరి రబ్బరు గొట్టం, సీటు పట్టాల కింద, స్క్రూ గుచ్చుకున్న చోట్లు ముందు వెతకండి.

ఒక వైపే సౌండ్ వస్తే

ముందు స్టీరియోలో బ్యాలెన్స్ మధ్యలో ఉందా చూడండి. నవ్వొస్తుంది కానీ పిల్లలు నొక్కి ఉంటారు.

ఎడమ వైపు రావడం లేదనుకుందాం. ఆఫ్ చేసి, యాంప్ దగ్గర ఎడమ, కుడి ఆర్‌సీఏ పిన్నులను అటుదిటు మార్చండి. ఇప్పుడు కుడి వైపు ఆగి ఎడమ మోగితే తప్పు ఆర్‌సీఏ కేబుల్‌లోనో స్టీరియోలోనో ఉంది. ఎడమే ఇంకా మూగగా ఉంటే పిన్నులు మామూలుగా పెట్టేసి, యాంప్ నుంచి బయటికి వెళ్లే స్పీకర్ వైర్లను అటుదిటు మార్చండి. ఎడమ స్పీకర్ మోగితే యాంప్‌లో ఎడమ చానెల్ పోయింది. అప్పటికీ మోగకపోతే తప్పు ఆ స్పీకర్‌దో దాని వైరుదో. ఈ రెండు మార్పులతో పది నిమిషాల్లో దోషి తెలిసిపోతుంది.

'కుయ్' శబ్దం, గుర్రుమనడం

ఇంజన్ వేగంతో పాటు పెరిగే సన్నని కూత ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది. ఆఫ్ చేసి ఆర్‌సీఏ పిన్నులు యాంప్ నుంచి తీసి, ఇంజన్ నడుపుతూ మళ్లీ ఆన్ చేయండి. కూత పోతే అది కేబుల్ లేదా స్టీరియో వైపు నుంచి వస్తోంది. ఉంటే యాంప్ పవర్, ఎర్త్ చూడాలి.

ఎక్కువగా దొరికే కారణాలు రెండు. ఒకటి, లావు పవర్ వైరు, ఆర్‌సీఏ కేబుల్ ఒకే పక్కన కలిపి వేయడం. పవర్ వైరు ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ రెండో పక్క నుంచి పోవాలి. ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. రెండోది, పెయింట్ మీదే బిగించిన ఎర్త్. రంగు గీకి మెరిసే రేకు కనపడాక, వైరుకు లగ్ పంచ్ చేసి, బోల్టుతో బిగించాలి. ఎర్త్ వైరు అర మీటరు లోపే ఉండాలి, ప్లస్ వైరంత లావు ఉండాలి. సీటు బెల్టు బోల్టును ఎర్త్ కోసం విప్పకండి. అది ప్రాణం కాపాడే బోల్టు.

అన్ని స్పీకర్లూ మోగుతున్నాయి, బేస్ మాత్రం లేదు

ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తిరగబడితే ఇలా అవుతుంది. ఒకటి ముందుకు తోస్తే ఇంకొకటి వెనక్కి లాగుతుంది, బేస్ మధ్యలోనే చచ్చిపోతుంది. స్పీకర్ వైర్లను యాంప్ నుంచి విడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను అర సెకను ఆనించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్ వైరుకు తగిలితే పెద్ద స్పీకర్ పేపరు బయటికి కదలాలి. లోపలికి పోతే వైర్లు తిరగబడ్డాయి.

ఓమ్స్ లెక్క

4 ఓమ్స్ స్పీకర్లు రెండింటిని ఒకే చానెల్‌కు పక్కపక్కన కలిపితే యాంప్‌కు కనిపించేది 2 ఓమ్స్. ఒకదాని వెనక ఒకటి కలిపితే 8. ఓమ్స్ తగ్గితే కరెంటు పెరుగుతుంది, యాంప్ వేడెక్కుతుంది. యాంప్ మీద బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఓమ్స్ అని రాసి ఉంటే, బ్రిడ్జ్ చేసిన చోట 2 ఓమ్స్ పెట్టకూడదు. రెండు కాయిళ్ల వూఫర్లలో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. అరగంట మోగి ఆగిపోవడం, చల్లారాక మళ్లీ రావడం దీని గుర్తు.

గెయిన్ అనేది వాల్యూమ్ కాదు. స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టే నాబ్ అది. పూర్తిగా తిప్పితే సౌండు చిరిగి, స్పీకర్ కాయిల్ కాలుతుంది. లెక్క సులువు. వాట్స్‌ను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయాలి. 50 వాట్లు, 4 ఓమ్స్ అయితే 200కు వర్గమూలం 14.1. స్పీకర్లు తీసేసి, బేస్ సెట్టింగులు సున్నా చేసి, వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ నడపండి. మీటరును ఏసీ వోల్టేజ్ మీద ఉంచి 14 వచ్చేదాకా గెయిన్ పెంచి ఆపండి.

స్పీకర్లతో సౌండ్ పరీక్షలు పగలే చేయండి. అశోక్ నగర్‌లో ప్రతి సందులో హాస్టళ్లు, పరీక్షలకు చదివే పిల్లలు ఉన్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55.

పొద్దున్నే బ్యాటరీ డౌన్

రిమోట్ వైరును తాళంతో సంబంధం లేని కరెంటుకు కలిపేస్తే యాంప్ రాత్రంతా మేల్కొనే ఉంటుంది. ఖాళీగా ఉన్న యాంప్ గంటకు ఒక ఆంపియర్ తాగినా రాత్రి 10 గంటల్లో 10 ఆంపియర్ అవర్లు పోయినట్టే. చిన్న కార్లలో బ్యాటరీ చాలావరకు 35 ఆంపియర్ అవర్లదే. రెండు మూడు రోజులు కదలకపోతే స్టార్ట్ కాదు. క్యాబ్ నడిపే వాళ్లకు పొద్దున బండి లేవకపోతే ఆ రోజు కిరాయి పోయినట్టే. తాళం తీసిన కొన్ని నిమిషాల తర్వాత ఆర్ఈఎమ్ మీద మీటరు పెట్టండి. సున్నా రావాలి. 12 ఉంటే బ్యాటరీ మార్చే ముందు ఆ వైరు మార్పించండి.

వాన నీళ్లు ఎక్కితే

హుస్సేన్ సాగర్ నాలా అశోక్ నగర్ పక్క నుంచే పోతుంది. గట్టి వాన పడితే లోతట్టు సందుల్లో నిలిపిన కార్ల ఫ్లోరు తడుస్తుంది. 2020 అక్టోబర్ వానలు నగరంలో ఎవరూ మరచిపోలేదు. సీటు కింద యాంప్ ఉంటే ముందు తడిసేది అదే.

తడిసిందని అనుమానం ఉంటే ఆన్ చేసి చూడకండి. బ్యాటరీ మైనస్ తీసి, కార్పెట్ ఎత్తి, అన్నీ పూర్తిగా ఆరాకే పరీక్షించండి. ఎర్త్ లగ్ మీద పచ్చని చిలుము పట్టి ఉంటే గీకి శుభ్రం చేయాలి, లేదా కొత్త లగ్ వేయాలి. యాంప్‌ను ఫ్లోరు మీద కాకుండా కాస్త ఎత్తులో చెక్క మీద బిగిస్తే సగం బాధ తప్పుతుంది.

ఫ్యూజు విషయంలో జుగాడ్ వద్దు

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు యాంప్‌ను కాపాడేది కాదు, వైరును కాపాడేది. వైరు ఇంజన్ పక్క నుంచి రేకు రంధ్రం దాటి, కార్పెట్ కింద నుంచి వస్తుంది. ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీలోని కరెంటంతా ఆ ఒక్క చోట పారుతుంది. ఫ్యూజు ఉంటే అది కాలి ఆగుతుంది. లేకపోతే వైరే కాలుతుంది, కార్పెట్ అంటుకుంటుంది.

అందుకే ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. యాంప్ పక్కన పెట్టిన ఫ్యూజు దారి మధ్యలో జరిగే షార్ట్‌ను ఆపలేదు. రేకు రంధ్రంలో రబ్బరు బుష్ తప్పనిసరి. ఫ్యూజు కాలిపోతే అంతే ఆంపియర్లది వేయాలి. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ రంగులో ఉంటాయి. మళ్లీ మళ్లీ కాలుతుంటే పెద్దది వేయడం, సిగరెట్ రేకు చుట్టడం, వైరు ముక్క పెట్టడం చేస్తే రేపటి మంటకు ఈరోజే ఏర్పాటు చేసినట్టు.

దుకాణానికి వెళ్లే ముందు

వైర్లు, లగ్‌లు, ఫ్యూజు హోల్డర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. చిక్కడపల్లి మెట్రో ఎక్కితే నారాయణగూడ తర్వాత స్టేషనే సుల్తాన్ బజార్, అక్కడి నుంచి నడక.

వైరు కొనేటప్పుడు చివర గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే రాగి పూత పూసిన అల్యూమినియం. అదే మందంలో అసలు రాగి మోసే కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులే అది మోస్తుంది. నాలుగు చానెళ్లు, ఒక్కోటి 50 వాట్లు ఉన్న మామూలు యాంప్‌కు 8 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి.

డబ్బా మీద 2000 వాట్లు అని ఉంటే నమ్మే ముందు యాంప్ ఫ్యూజు చూడండి. 25 ఆంపియర్లు ఉంటే 25ను 13.8తో గుణించండి, 345 వాట్లు. లోపలికి వెళ్లేదే అంత. పాత తరహా యాంపుల్లో అందులో దాదాపు 60 శాతమే బయటికొస్తుంది, అంటే సుమారు 200. రెండు వందలు ఇచ్చేదానికి రెండు వేల రేటు కట్టక్కర్లేదు.

మిస్త్రీ దగ్గరికి వెళ్లినప్పుడు మీ కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: బీ-ప్లస్ ఎంత, ఆర్ఈఎమ్ ఎంత, పాట మోగేటప్పుడు ఎర్త్ దగ్గర ఎంత, ఏ స్పీకర్ ఎన్ని ఓమ్స్. ఆ కాగితం చూస్తే మంచి ఉస్తాద్‌కు పని సగం తగ్గుతుంది. 'యాంప్ పోయింది' అని ఎవరైనా అంటే ఏ కొలత చూసి అంటున్నారో అడగండి. జవాబు దొరికాకే జేబులో చేయి పెట్టండి.